తరగతి గదిలో గాలి

2021 సెప్టెంబరు 1వ తేదీన తెలంగాణమున బడులు తిరిగి తెరువబడినవి. ఆనాడు జహీరాబాదు ప్రాంతమున రెండవ తరగతిలో వచ్చి కూర్చున్న బిడ్డలు ఒకటవ తరగతి గదిని కన్నులార చూచినవారు కారు. వారు 2020 జూనులో బడిలో చేరవలసినవారు. కరోనా వ్యాధి కారణమున 2020 మార్చి 16వ తేదీన బడులకు పడిన తాళము, 2021 ఫిబ్రవరి, మార్చి నెలలలో పై తరగతులవారికి కొన్ని వారములపాటు తీయబడి, మార్చి 24న మరల పడినది. అయిదవ తరగతి వరకు గల పసివారికి మాత్రము పదునేడు నెలలు దాటువరకు అది తీయబడనే లేదు.

ఆ తాళము వేయుటయే తప్పని నేననజాలను. 2020 మార్చిలో ఈ వ్యాధి నడక ఎవరికిని తెలియదు. తెలియని శత్రువు ఎదుట తలుపు మూసికొనుట వివేకమే. కాని మూసిన తలుపునకును వెల యున్నది. ‘అసర్’ అను దేశవ్యాప్తమైన సర్వే, తెలంగాణ గ్రామములలో మూడవ తరగతి బిడ్డలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు 2018లో నూటికి 18 మంది యుండగా, 2022లో అయిదుగురే యుండిరని తేల్చినది. 2022లో మూడవ తరగతిలో నున్నవారెవరు? పైన చెప్పిన ఆ బిడ్డలే, ఒకటవ తరగతి గదిని చూడనివారే.

చదువు ఆగకుండుటకు చేసిన యత్నము లేకపోలేదు. 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారా పాఠములు ఆరంభమైనవి. ఈ ప్రాంతమున రేడియో మాట క్రొత్త కాదు. జహీరాబాదు చేరువనున్న మాచ్నూరులో గ్రామీణ స్త్రీలే నడుపు సంఘం రేడియో 2008 అక్టోబరు 15 నుండి పలుకుచున్నది. అయినను, రేడియోను ప్రేమించువాడనే యైనను, ఒక మాట ఒప్పుకొనక తప్పదు. ప్రసారము చెప్పగలదు గాని వినజాలదు. ‘అ’ను ‘ఆ’గా వ్రాసిన బిడ్డ చేయి పట్టి దిద్దజాలదు. ఇంటిలో నున్నది ఒక్క సెల్‌ఫోనై, అదియు తండ్రితో పనికి పోయినచో పాఠమును ఎవరు చూతురు? చెరకు కోత కాలమున కుటుంబములు కుటుంబములే పొలములకు తరలు సీమ యిది. బడి లేని బిడ్డ తల్లిదండ్రుల వెంట పోవుట సహజమే కదా.

కావున నేడు మనము ఆలోచింపవలసినది బడిని ఎప్పుడు మూయవలెనని కాదు, వ్యాధి కాలమునను ఎట్లు తెరచియుంచవలెనని. కరోనా విషయమైన అత్యవసర స్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5వ తేదీన ప్రకటించినది. ఇక భయమేమని శ్రోతలలో కొందరు అడుగవచ్చును. ఇట్టి వ్యాధులు వచ్చుచు పోవుచు నుండునవే. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినది. 1957 మేలో ‘ఆసియా ఫ్లూ’ ఓడయెక్కి మదరాసు రేవున దిగినది. మరియొకటి రాదని హామీ పత్రము వ్రాసియిచ్చు వైద్యుడు లేడు.

వ్యాధి తొలినాళ్లలో మన దృష్టియంతయు చేతుల మీదను, వస్తువుల మీదను నిలిచినది. బడి గోడలకు మందునీరు చల్లితిమి. బల్లలను తుడిచితిమి. గుమ్మముననే శానిటైజరు సీసా నిలిపితిమి. చేతులు కడుగుట మంచి అలవాటే; విరేచనములు మొదలగు రోగములనుండి అది బిడ్డను కాపాడును. అయితే కరోనా ముఖ్యముగా నడచిన బాట వేరు. అది ఊపిరి బాట. మాటాడునపుడు, పాఠమును బిగ్గరగా వల్లించునపుడు, దగ్గునపుడు వెలువడు అతిసూక్ష్మ బిందువులు గాలిలో చాలసేపు తేలుచుండును. మూసిన గదిలో ఒక మూల నొకడు బీడీ కాల్చినచో ఆ వాసన రెండవ మూలకు రాకమానునా? ఆరడుగుల దూరమున ఆగిపోవునా? రోగి ఊపిరియు అట్లే పరచుకొనును. వాసన గలది గాన బీడీ పొగను కనుగొందుము. ఊపిరిని కనుగొనలేము, అంతియే భేదము.

ఇక్కడ కొంచెము లెక్క వేయవలెను. విసుగనుకొనకుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్చిలో వెలువరించిన సూచనల ప్రకారము, ఇట్టి గదులలో మనిషి ఒక్కింటికి సెకనుకు 10 లీటర్ల వెలిగాలి అందవలెను. ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల తరగతి గది నొకదానిని తీసికొందము. అందులో పట్టు గాలి 108 ఘనపు మీటర్లు. నలుబదిమంది కూర్చున్నచో వారికి సెకనుకు 400 లీటర్లు, అనగా గంటకు 1,440 ఘనపు మీటర్ల గాలి కావలెను. అంటే ఆ గదిలోని గాలి యంతయు గంటలో పదమూడు మారులు మారవలెను.

వినుటకు అసాధ్యముగ తోచును. కాని ఎదురెదురు గోడలలో ఒక్కొక్క చదరపు మీటరు కిటికీ చొప్పున తెరచియుండి, వాని గుండ గాలి సెకనుకు 40 సెంటీమీటర్ల నెమ్మది వేగముతో సాగినను ఆ 400 లీటర్లు సమకూరును. అది రావియాకును కదల్చియు కదల్పని గాలి. జహీరాబాదు సముద్రమట్టమునకు రమారమి ఆరువందల మీటర్ల ఎత్తున, ఎఱ్ఱనేలల పీఠభూమిపై నున్న ఊరు. అట్టి గాలికి మనకు కరవు లేదు. ఉన్న కొదువ యెల్ల కిటికీలదే. ఒకదాని గడియ తుప్పుపట్టియుండును. ఒకదానికి అడ్డముగా బీరువా నిలిచియుండును. మరియొకదానిని వానజల్లు పడుచున్నదని మేకులు కొట్టి మూసియుందురు. గోడపై భాగముననుండు వెంటిలేటరుకు పాత అట్టముక్క అడ్డియుండును. వ్యాధి నివారణకై ధనము వ్యయము చేయదలచిన గ్రామపెద్దలు మందునీటి పీపాలు కొనుటకు ముందు వడ్రంగిని పిలిపింపవలెనని నా మనవి.

సీలింగు ఫ్యాను తిరుగుచున్నది గదా యని కొందరందురు. కిటికీలు మూసియున్న గదిలో అది ఉన్న గాలినే కలియద్రిప్పును, క్రొత్తగాలిని తేదు. అదే ఫ్యానును కిటికీలో బయటివైపు ముఖముగా నిలిపినచో లోని గాలిని వెలుపలికి నెట్టును, ఎదుటి కిటికీనుండి మంచిగాలి తానై వచ్చును. గది సంగతి తెలిసికొనుటకు ఖరీదైన యంత్రములు అక్కరలేదు. బిడ్డలు లేని వేళ గది నడుమ ఒక అగరువత్తి వెలిగించి పొగను చూడుడు. పొగ నిలువున లేచి కప్పు క్రింద గూడుకట్టినచో ఆ గది మంచిది కాదు. ఒక ప్రక్కకు వాలి కిటికీ దారి పట్టినచో మంచిది. యంత్రము కొనగల బడులు బొగ్గుపులుసు గాలిని కొలుచు చిన్న మీటరును కొనవచ్చును. ఆరుబయట అది పది లక్షల పాళ్లకు 420 ప్రాంతమున చూపును. గదిలో 1,220 చూపినదనుకొందము. మనము విడుచు ఊపిరిలో ఆ వాయువు రమారమి 40,000 పాళ్లుండును. కనుక ఆ గదిలో పీల్చు ప్రతి యేబది ఊపిరులలో ఒక ఊపిరి ఇతరులు విడిచినదే. ఇది మన మర్యాదకు కూడ సరిపడని సంగతి.

చలికాలమున చిక్కున్నది. కోహీరు ప్రాంతమున శీతకాలపు రాత్రులు పది డిగ్రీలకు దిగువకు పోవును. ఉదయము బడి గంట మ్రోగువేళకు బిడ్డలు వణకుచుందురు, పంతులుగారు కిటికీలు మూయించును. 2022 జనవరిలో ‘ఒమిక్రాన్’ వచ్చినదియు అట్టి కాలముననే. సంక్రాంతి సెలవులు ఆ నెల 30 వరకు పొడిగింపబడి, ఫిబ్రవరి 1న బడులు తెరువబడినవి. చలిరోజులలో ఎండపొడకు వరండాలోనో, వేపచెట్టు క్రిందనో తొలి పాఠములు చెప్పుట మేలు. ఇది వెనుకబాటుతనము కాదు. రవీంద్రనాథ ఠాకూరు 1901లో శాంతినికేతనమున చెట్లనీడ పాఠములకు పూనుకొనెను. జర్మనీలో బెర్లిను చేరువ షార్లొటెన్‌బుర్గులో 1904లోనే అర్భకులైన బిడ్డలకు అడవిలో బడి పెట్టిరి. క్షయభయము నాడు 1908లో అమెరికాలోని ప్రావిడెన్సు పట్టణమున కిటికీలు బార్లా తెరచిన గదిలో బిడ్డలకు దుప్పట్లు కప్పి చదువు చెప్పిరి.

మాస్కులు తీయక తప్పని వేళ యొకటున్నది, అది మధ్యాహ్న భోజనవేళ. అందరును ఒక్కమారు ఒక్కచోట కూర్చుండక తరగతి తరగతిగా, వీలైనంతవరకు ఆరుబయట వడ్డించిన చాలును.

ఇక పెద్దల మాట. బిడ్డలలో కరోనా తీవ్రమగుట అరుదు. బడిలో ఎక్కువ అపాయము పొంచియున్నది వయసుమళ్లిన ఉపాధ్యాయునికి, చక్కెర వ్యాధి గల వంటమనిషికి, ఆయాకు, బస్సు డ్రైవరుకు. 2021 సెప్టెంబరు 5వ తేదీ ఉపాధ్యాయ దినోత్సవములోగా ఉపాధ్యాయులకు టీకాలు ముగించుటకై కేంద్రము రాష్ట్రములకు రెండు కోట్ల మోతాదులు అదనముగా కేటాయించెను. 2022 జనవరి 3 నుండి పదునైదేండ్లు దాటినవారికి కొవాగ్జిన్, మార్చి 16 నుండి పండ్రెండేండ్లు నిండినవారికి కోర్బెవాక్స్ వేయబడినవి; ఈ రెండింటిని తయారుచేసిన సంస్థలును మన హైదరాబాదువే. టీకా ఎంత ముఖ్యమో, జ్వరము తగిలిన నాడు ఇంట నుండగలుగుటయు అంత ముఖ్యము. సెలవు పెట్టిన జీతము తెగునను భయము గల వంటమనిషి జ్వరమును దాచుకొని పొయ్యి వెలిగించును. ఆమె నెట్లు నిందింతుము? రోగసెలవునకు కూలి యిచ్చు బడి తక్కిన బడులకంటె క్షేమమైనది. 2021లో బడులు తెరచునపుడు ఊడ్చు పని పంచాయతీల, పురపాలక సంఘముల సిబ్బందికి ఒప్పగింపబడినది. వీధులూడ్చి అలసిన చేతులే బడికిని రావలసివచ్చినది. మరుగుదొడ్డిని ఎవరు, ఏ పూట కడుగుదురో ముందుగా తేలవలెను.

గురుకులముల స్థితి వేరు. అక్కడ బిడ్డలు చదువుటే కాదు, కలిసి నిద్రింతురు. 2021 అక్టోబరులో హైకోర్టు అనుమతి నిచ్చిన పిమ్మట అవి తెరువబడినవి. ఆ నవంబరు చివర, జహీరాబాదునుండి హైదరాబాదు పోవు దారిలో పటాన్‌చెరువు కడనున్న ముత్తంగి బాలికల గురుకులమున నలుబదిమందికి పైగా బాలికలకు కరోనా సోకినట్లు పరీక్షలలో తేలినది. తరగతి గది కిటికీని పగటివేళ ఎవరైనను తెరతురు. పడకగది కిటికీని చలికి, దోమలకు జడిసి రాత్రి మూసివేయుదురు. ఎనిమిది గంటలు అదే గాలి. కిటికీలకు దోమతెర జాలి బిగించి, దుప్పటి యొకటి అదనముగ నిచ్చి, తలయు పాదములును ఎదురెదురుగా నుండునట్లు పడకలు వేయించుట వార్డెనుల చేతిలోని పని. సోకినవారికై ప్రత్యేకముగ ఒక గదిని, వారికి తోడుండు ఒక మనిషిని సెలవులలోనే ఏర్పాటు చేసికొనవలెను. జ్వరము వచ్చిన నాటి రాత్రి వెదకిన దొరకదు.

ఒక తరగతిలో రోగము కనబడినచో ఆ తరగతిని కొన్నాళ్లు ఇంటికి పంపవచ్చును. బడి మొత్తమునకు తాళము వేయుట కడపటి మాట కావలెను. ఏమి జరిగినదియు తల్లిదండ్రులకు అదే నాడు చెప్పవలెను. 2021లో బిడ్డను బడికి పంపుటకు తల్లిదండ్రుల అంగీకార పత్రము అడిగిరి. చదువురాని తల్లి ఆ కాగితముపై వ్రేలిముద్ర వేసినదే గాని అందేమున్నదో ఆమెకు చదివి వినిపించినవారెందరు? జహీరాబాదు కర్ణాటక సరిహద్దు ఊరు. ఇచ్చట తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినబడును. మరల అట్టి కాలము వచ్చినచో బడి ప్రకటన మూడు భాషలలో, నోటిమాటగా, దండోరా ద్వారానో రేడియో ద్వారానో ప్రొద్దున బిడ్డ సంచి తగిలించుకొనుటకు ముందే ఇల్లు చేరవలెను.