గ్లూకోజు నీళ్ళు తాగి రెండు గంటలు

"చక్కెర జబ్బు ఉందో లేదో చూడటానికి చక్కెర నీళ్ళే తాగిస్తారేమిటి సార్?" అని ఒక తొమ్మిదో తరగతి విద్యార్థిని అడిగింది. గర్భిణి అయిన అక్కకు తోడుగా ఆసుపత్రికి వెళ్ళివచ్చిందట. ప్రశ్న చాలా మంచిది. దొంగను పట్టుకోవడానికి ఇంటి తలుపులు బార్లా తెరిచినట్టుంది గదా ఈ వ్యవహారం! జవాబు కోసం మనం కొంచెం లెక్క చేయాలి.

ముందు పరీక్ష ఏమిటో చూద్దాం. 75 గ్రాముల గ్లూకోజు పొడిని సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఇస్తారు. అయిదు పది నిమిషాల్లో తాగేయాలి. తరువాత రెండు గంటలు అక్కడే కూర్చోవాలి. అప్పుడు రక్తం తీసి అందులో గ్లూకోజు ఎంతుందో చూస్తారు. తాగిన అరగంటలోపే వాంతి అయితే మర్నాడు మళ్ళీ చేయాలి. ఇంట్లో వాడే చక్కెర దీనికి పనికిరాదు. అందులో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు కలిసి ఉంటాయి.

ఇక లెక్క. పెద్దవాళ్ళ శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అంటే 50 డెసిలీటర్లు. ఆరోగ్యవంతుల్లో పరగడుపున డెసిలీటరుకు 90 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉందనుకోండి. 50ని 90తో గుణిస్తే 4500 మిల్లీగ్రాములు, అంటే నాలుగున్నర గ్రాములు. ఒంట్లో ఉన్న రక్తమంతటిలోనూ కలిపి ఒక చెంచాడు గ్లూకోజే! గర్భిణికి రక్తం లీటరో, లీటరున్నరో ఎక్కువుంటుంది. అయినా లెక్క పెద్దగా మారదు. ఇలాంటి రక్తంలోకి ఒక్కసారిగా 75 గ్రాములు, అంటే ఉన్నదానికి పదిహేను రెట్లు వచ్చి పడుతున్నాయన్నమాట. అయినా రెండు గంటల తరువాత డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు దాటకూడదు. మొత్తం రక్తంలో ఏడు గ్రాములు! మిగిలినదంతా ఏమైంది? క్లోమగ్రంథి విడుదల చేసిన ఇన్సులిన్ అనే హార్మోను కండరాల కణాల తలుపులు తెరిపించింది. కాలేయం, కండరాలు చాలా భాగాన్ని గ్లైకోజెన్‌గా మార్చి దాచుకున్నాయి. కొంత అప్పటికప్పుడే ఖర్చయింది.

మన ఆదిలాబాదు జిల్లాలో వాగుల మీద కల్వర్టులు చూశారు గదా. ఎండాకాలంలో సన్నటి పాయ పారుతున్నప్పుడు ప్రతి కల్వర్టూ గట్టిదిగానే కనిపిస్తుంది. దాని సత్తా తెలిసేది శ్రావణంలో వరద వచ్చినప్పుడే. పరగడుపున చూసిన రక్తపరీక్ష ఎండాకాలపు వాగును చూడటం లాంటిది. గ్లూకోజు నీళ్ళు మనం కావాలని తెప్పించే చిన్న వరద.

సరే, ఈ పరీక్ష గర్భిణికే ఎందుకు? అంతకుముందు ఏ జబ్బూ లేని ఆడమనిషికి కూడా గర్భం పెరిగేకొద్దీ ఇన్సులిన్ సరిగా పనిచేయదు. కారణం మాయ. బిడ్డకు ఆహారం అందించే ఈ మాయ కొన్ని హార్మోనులను తయారుచేసి తల్లి రక్తంలోకి వదులుతుంది. వాటి ప్రభావం వల్ల తల్లి కండరాలు గ్లూకోజును అంత సులువుగా తీసుకోవు. అది బిడ్డ కోసం రక్తంలో మిగులుతుంది. ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది, జబ్బు కాదు. తల్లి క్లోమగ్రంథి మామూలుకంటే రెండు మూడు రెట్లు ఇన్సులిన్ తయారుచేసి లెక్క సరిచేస్తుంది. అంత చేయలేని క్లోమం ఉన్న తల్లికి గ్లూకోజు హద్దు మీరుతుంది. దానినే గర్భకాల మధుమేహం అంటారు. మాయ బాగా ఎదిగే 24 నుంచి 28 వారాల మధ్య, అంటే ఆరేడు నెలలప్పుడు ఇది ఎక్కువగా బయటపడుతుంది. మన దేశంలో మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి, ఈ వారాల్లో మరోసారి పరీక్ష చేయాలన్నది నియమం. పురిటికి పుట్టింటికి ఎనిమిదో నెలలో వచ్చి, అప్పుడే తొలిసారి పేరు రాయించుకున్న వాళ్ళకు ఆ రోజే చేస్తారు.

తల్లికి ఏ బాధా తెలియదు. దాహం, నీరసం, మాటిమాటికీ మూత్రం అంటే అవి కడుపుతో ఉన్న వాళ్ళందరికీ ఉండేవే. దెబ్బ తగిలేది లోపలి బిడ్డకు. కోపెన్‌హాగన్ నగరానికి చెందిన యోర్గెన్ పెడెర్సన్ అనే వైద్యుడు 1950లలో దీనికి కారణం వివరించాడు. గ్లూకోజు మాయను దాటి బిడ్డలోకి పోతుంది, కాని తల్లి ఇన్సులిన్ దాటలేదు. అందుకని బిడ్డ చిన్నారి క్లోమమే ఆ అదనపు గ్లూకోజు కోసం ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ ఇన్సులిన్ దానిని కొవ్వుగా మారుస్తుంది. బిడ్డ బొద్దుగా పెరుగుతుంది. "బాగా లావుగా పుట్టాడు, ఆరోగ్యవంతుడు" అని ముసలమ్మలు మురిసిపోతారు గాని, అటువంటి బిడ్డకు కాన్పులో భుజాలు అడ్డుపడే ప్రమాదముంది. అసలు చిక్కు బొడ్డు కోసిన తరువాత. తల్లి నుంచి గ్లూకోజు రావడం ఆ క్షణంలో ఆగిపోతుంది. బిడ్డ క్లోమం మాత్రం అలవాటు కొద్దీ ఇన్సులిన్ వదులుతూనే ఉంటుంది. కొద్ది గంటల్లోనే బిడ్డ రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవచ్చు. వణుకు, ఒక్కోసారి మూర్ఛ రావచ్చు. తల్లికి షుగరు ఉందని ముందే తెలిస్తే నర్సు బిడ్డ మడమ నుంచి చుక్క రక్తం తీసి చూస్తుంది, వెంటనే పాలు పట్టిస్తుంది. తెలియకపోతే?

మీ ప్రయోగశాలలో బెనెడిక్ట్ ద్రావణం ఉంటుంది. గ్లూకోజు కలిపి వేడిచేస్తే నీలం రంగు పోయి ఇటుక రంగు వస్తుంది. మూత్రంతో ఆ పరీక్ష చేస్తే చాలదా అని మీకు తోచవచ్చు. చాలదు. గర్భిణి మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉన్నా కొంత గ్లూకోజును వదిలేస్తాయి. జబ్బున్న తల్లి మూత్రంలో ఒక్కోసారి ఏమీ కనిపించదు.

1964లో అమెరికాలోని బోస్టన్‌లో ఓ'సులివాన్, మహాన్ అనే ఇద్దరు 752 మంది గర్భిణులకు గ్లూకోజు తాగించి ఈ పరీక్షకు హద్దులు ఏర్పరిచారు. అది పరగడుపున చేసే పరీక్ష, నాలుగుసార్లు రక్తం తీయాలి. బోస్టన్‌లో సాధ్యమే. ఇచ్చోడ చుట్టుపక్కల గూడెంలో ఉండే తల్లిని తలచుకోండి. పొద్దున్నే ఆటో కోసం నడిచి, రోడ్డెక్కి, ఆసుపత్రికి చేరేసరికి పది గంటలవుతుంది. ఏడో నెలలో ఏమీ తినకుండా రమ్మంటే రాదు; వచ్చినా తినే వస్తుంది. "రేపు పరగడుపున రా" అని తిప్పిపంపితే ఆ రేపు ఎప్పటికీ రాదు. చెన్నైకి చెందిన డాక్టర్ వీరాస్వామి శేషయ్య, ఆయన సహచరులు ఈ ఇబ్బందిని గుర్తించి, తిని వచ్చినా తినకుండా వచ్చినా సరే, 75 గ్రాములు తాగించి రెండు గంటలకు ఒక్కసారి రక్తం చూస్తే చాలన్నారు. క్లోమం చురుకుగా ఉన్న తల్లి భోజనాన్నీ, గ్లూకోజునూ కలిపి సర్దుకోగలదు. లేనిదానికి హద్దు దాటుతుంది. 140 గాని అంతకు మించి గాని ఉంటే గర్భకాల మధుమేహమే. 2014లో కేంద్రప్రభుత్వం ఈ పద్ధతినే దేశమంతటికీ నిర్దేశించింది. ఈ పద్ధతిలో కొందరు దొరక్కుండా పోతారని, పరగడుపు పరీక్షే నయమని వాదించే వైద్యులూ ఉన్నారు. నా మట్టుకు నాకు, చేయని మంచి పరీక్ష కంటే చేసిన మామూలు పరీక్ష మేలనిపిస్తుంది.

జబ్బు ఉందని తేలితే మొదట మందులివ్వరు. రెండు వారాలు ఆహారం సరిచేసి, నడవమంటారు. అప్పటికీ తగ్గకపోతే మాత్రలో, ఇన్సులిన్ సూదులో ఇస్తారు. ఇన్సులిన్ మాయను దాటదని చెప్పుకున్నాం గదా, అందుచేత సూది మందు బిడ్డకు పోతుందన్న భయం అక్కరలేదు. ఇక్కడ ఒక మాట. "జొన్న గట్కకు షుగరు రాదు, ఎంతైనా తినవచ్చు" అని మా ప్రాంతంలో అంటుంటారు. జొన్న మంచిదే, కాని జొన్నలోనూ పిండిపదార్థమే ఎక్కువ. అరిగాక అదీ గ్లూకోజే అవుతుంది. అన్నమైనా రొట్టెయినా కొంచెం కొంచెంగా, పప్పు, గుడ్డు, ఆకుకూరలతో కలిపి తినాలి. అలాగని తల్లి పస్తులుండకూడదు, బిడ్డ ఎదగాలి గదా.

కాన్పుతో మాయ కూడా బయటికి వచ్చేస్తుంది. దానితో చాలామంది తల్లులకు గ్లూకోజు మామూలు స్థితికి దిగుతుంది. అయితే వీళ్ళకు తరువాతి సంవత్సరాల్లో మధుమేహం వచ్చే అవకాశం ఇతరులకంటే చాలా ఎక్కువ. అందుకే కాన్పు అయిన ఆరు వారాలకు మళ్ళీ 75 గ్రాముల గ్లూకోజు తాగించి చూస్తారు. ఈసారి మాత్రం పరగడుపునే రావాలి.