అడవిదారి పరుగు.. కొలువుకు మెరుగు

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ కొలువుకు రాతపరీక్ష గట్టెక్కితే సరిపోదు, నడక పరీక్షా ఉంటుంది. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ ప్రకారం 4 గంటల్లో పురుషులు 25 కి.మీ., మహిళలు 16 కి.మీ. నడవాలి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌లో పురుషులకు ఇదే లెక్క, మహిళలకు 14 కి.మీ.

ఓసారి కాలిక్యులేటర్ తీయండి. 4 గంటల్లో 25 అంటే కిలోమీటరుకు 9 నిమిషాల 36 సెకన్లు. మనం మామూలుగా నడిచేది గంటకు 5 కి.మీ. అలా నడిస్తే టైమ్ అయిపోయేసరికి ఇంకా 5 కి.మీ. మిగిలే ఉంటుంది! తార్నాక రూముల్లో, ఓయూ లైబ్రరీలో రోజంతా కూర్చుని చదివే మీరు ఈ లోటు ఎలా పూడుస్తారు? దీనికి బాగా పనికొచ్చే సాధన ట్రయల్ రన్నింగ్.

ఏమిటీ ట్రయల్ రన్?

తారు రోడ్డు వదిలి మట్టి, రాళ్లు, కొండదారుల్లో సాగే పరుగు ఇది. దక్షిణాఫ్రికాలో 2014లో మొదలైన అల్ట్రా ట్రయల్ కేప్‌టౌన్ రేసు టేబుల్ మౌంటెన్ నేషనల్ పార్కు గుండా సాగుతుంది. ఓ పక్క సముద్రం, మరోపక్క వెయ్యి మీటర్లు దాటిన కొండ. ఫొటోల్లో చూస్తే ముచ్చటేస్తుంది, కాళ్లకు మాత్రం చుక్కలు కనిపిస్తాయి. ఆల్ప్స్‌లో 2003 నుంచి జరుగుతున్న యూటీఎంబీలో దూరం దాదాపు 170 కి.మీ. ఎక్కాల్సిన ఎత్తంతా కలిపితే సుమారు 10,000 మీటర్లు. ఎవరెస్ట్ కన్నా ఎక్కువే!

ఈ రేసుల్లోనూ కటాఫ్ ఉంటుంది. చెక్‌పాయింట్‌కు టైమ్‌కి చేరకపోతే అక్కడితో ఆపేస్తారు. నార్మలైజేషన్ లాంటివేం ఉండవు. అందుకే బాగా అనుభవమున్న రన్నర్లు కూడా నిటారు ఎక్కుడులో పరుగు ఆపి నడుస్తారు. మొదట్లోనే శక్తంతా ఖర్చుపెట్టకుండా చివరిదాకా దాచుకోవడమే ఇక్కడి కిటుకు. 4 గంటల నడకకు కావాల్సిందీ అదే.

క్యాంపస్సే గ్రౌండ్

తార్నాక మెట్రో స్టేషన్ దిగితే ఓయూ పక్కనే. ఆర్ట్స్ కాలేజీ చుట్టుపక్కల రోడ్లు, మట్టిదారులు చాలు.

• వారంలో రెండు రోజులు 40 నిమిషాల నెమ్మది పరుగు. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం తగ్గించండి.

• ఒకరోజు ఎక్కుడు సాధన. ఏదైనా వాలు దారిని ఆరేడుసార్లు ఎక్కి దిగండి. అడుగులు చిన్నవిగా వేయండి. దిగేటప్పుడు మడమతో బ్రేక్ వేయకుండా మోకాళ్లు కాస్త వంచండి. దిగుడులోనే తొడలకు ఎక్కువ నొప్పి, కాబట్టి మర్నాడు విశ్రాంతి.

• ఆదివారం లాంగ్ వాక్. 8 కి.మీ.తో మొదలెట్టి వారానికి 1-2 కి.మీ. పెంచండి. ప్రతి నాలుగో వారం తగ్గించండి. మూడు నెలల్లో 20 కి.మీ. దాకా వెళ్లొచ్చు. ఫోన్ జీపీఎస్‌లో ప్రతి కిలోమీటరు టైమ్ చూడండి. చివర్లో బాగా నెమ్మదిస్తుంటే మొదట్లో తొందరపడుతున్నట్టే.

• ఎండ ముదరకముందే ముగించండి. లాంగ్ వాక్‌కి నీళ్లు, ఓఆర్ఎస్ వెంట ఉండాలి. ఛాతీ నొప్పి, తల తిరగడం ఉంటే ఆపేసి డాక్టర్‌ని కలవండి.

నేషనల్ పార్కులు మన సిటీలోనూ ఉన్నాయి. మహావీర్ హరిణ వనస్థలి, మృగవనికి 1994లో, కేబీఆర్ పార్కుకు 1998లో ఆ హోదా వచ్చింది. వెళ్తే అనుమతించిన బాట దాటొద్దు. రేపు అడవిని కాపాడే కొలువు కోరుకునేవాళ్లు ఇవాళ నెమళ్లను బెదరగొడితే ఎలా?

కానిస్టేబుల్ అభ్యర్థులకు ఇదొక్కటే చాలదు. 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలన్నారు. దానికి స్పీడ్ సాధన విడిగా చేయాలి.

రేపే ఒక టెస్ట్

పొద్దున్నే 5 కి.మీ. నడిచి టైమ్ చూడండి. 48 నిమిషాల్లో అయితే 25 కి.మీ.కి కావాల్సిన వేగం మీకుంది, ఇక పెంచాల్సింది దూరం. అంతకన్నా ఎక్కువ పడితే ఎన్ని నిమిషాలు తగ్గించాలో తెలిసినట్టే. మహిళలకు 16 కి.మీ. లెక్కన 5 కి.మీ.కి 75 నిమిషాలు చాలు. వాళ్లకు అసలు పరీక్ష 4 గంటలు ఆగకుండా నడవడమే. నిబంధనలు మారొచ్చు, మీ నోటిఫికేషన్ ఓసారి చూసుకోండి. సాధన మాత్రం అది వచ్చేదాకా వాయిదా వేయకండి. సిలబస్ నెలలో తిరగేయొచ్చేమో, కాళ్లు మాత్రం మూడు నెలలు అడుగుతాయి.