గారడీకి చప్పట్లు, బాణామతికి భయం: ఎందుకు?

గారడీవాడు ఖాళీ బుట్ట కింద మామిడి మొక్క మొలిపిస్తే చప్పట్లు కొడతాం. ఊళ్లో ఎవరినైనా 'మంత్రగాడు' అంటే మాత్రం భయపడతాం. ఎందుకు?

కనికట్టు అంటే కన్ను కట్టేయడం. గారడీవాడు ఒక చేతిని ఆడిస్తూ మన చూపును అటు లాగి, అసలు పని రెండో చేత్తో కానిస్తాడు. ఇంద్రజాలమన్నా ఇదే. ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ తన ప్రదర్శనకు పెట్టుకున్న పేరూ అదే. తనది విద్యేనని ఇంద్రజాలికుడు దాచడు.

చేతబడి, బాణామతి సంగతి వేరు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో జ్వరం తగ్గకపోయినా, బర్రె చచ్చినా 'ఎవరో చేశారు' అనే అనుమానానికి పెట్టిన పేర్లివి. ఆ చేతబడిని విప్పుతానని డబ్బు గుంజేవాడు భూతవైద్యుడు. పేరులో వైద్యం ఉంది, చేతిలో లేదు! మరి మనల్ని నమ్మించడానికి అతను నీళ్లను ఎర్రగా ఎలా మారుస్తాడు? పసుపు నీళ్లలో పెద్దవాళ్లచేత కాస్త సున్నం కలిపించి చూడండి. పసుపులోని కుర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. దిష్టినీళ్ల రంగూ ఇదే.

'మంత్రగాడు' అనే నింద మోసేది మనలాంటి మామూలు మనుషులే. 2022 జనవరిలో తెలంగాణలోని జగిత్యాలలో ఈ అనుమానంతోనే తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. పొరుగున మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాలపై చట్టాలు చేశాయి.

మీ వాడకట్టులో ఎవరినైనా ఆ పేరుతో పిలుస్తుంటే మీరు పిలవకండి, వెంటనే టీచరుకు చెప్పండి. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే సర్కారు దవాఖానకే పోదామని పట్టుబట్టండి.