రాళ్లను చదివిన బ్రూస్ ఫుట్ దొర

వ్రాతలేని కాలమునాటి మనుష్యుల చరిత్రమును మనమెట్లు తెలిసికొనగలము? వారు విడిచిన పనిముట్లే మనకు సాక్ష్యములు. మన దేశమున ప్రాచీన శిలాయుగపు పనిముట్టును మొదట గుర్తించిన పండితుడు రాబర్టు బ్రూస్ ఫుట్ దొర.

1834లో ఇంగ్లాండున జన్మించిన ఈయన 1858లో భూగర్భ పరిశోధన శాఖయందు ఉద్యోగియై చెన్నపురికి వచ్చెను. నేలపొరలను పరీక్షించుట ఆయన పని. 1863 మే 30వ తేదీన పల్లావరము వద్ద ఒక కంకరగోతిలో అంచులు చెక్కిన రాయి ఆయన కంటబడెను. ఏటిలో దొర్లిన రాయి నునుపెక్కునుగాని, దాని పెచ్చులొక క్రమముగా ఊడవు. కావున నది మానవహస్తనిర్మితమని ఆయన నిశ్చయించెను. ఆ సంవత్సరముననే సెప్టెంబరులో విలియం కింగ్ దొరతో కూడి అత్తిరంపాక్కమున అట్టి పనిముట్లనే కనుగొనెను. తరువాత 1884లో మన బేతంచెర్ల చేరువనున్న బిల్లసర్గము గుహలను పరిశోధించెను. అచ్చటి త్రవ్వకమును ఆయన కుమారుడు హెన్రీ సాగించెను.

ఫుట్ దొర రాళ్లను ప్రోగుచేసి ఊరకుండలేదు. అవి దొరకిన స్థలములను వ్రాసి యుంచెను. 1904లో ఆ సేకరణము చెన్నపురి మ్యూజియమునకు చేరెను. 1912లో ఆయన మరణించెను. అత్తిరంపాక్కపు పనిముట్ల వయస్సు ఆయనకు తెలియనే లేదు. శాంతి పప్పుగారును సహచరులును ఆ చోటనే తిరిగి త్రవ్వి, అందలి తొలి పనిముట్లు సుమారు 15 లక్షల ఏండ్లనాటివని 2011లో ప్రకటించిరి.

చోటు తెలియని రాయి సగము మూగది. విద్యార్థులారా, పొలమున వింతరాయి కనబడినచో, దానిని తీయకముందే ఆ చోటును వ్రాసికొనుడు.