సర్వే నంబరు లేని బతుకులు

పావగడ తాలూకా కర్ణాటకలోనే ఉన్నా, మూడు వైపులా ఆంధ్రప్రదేశే. తుమకూరు జిల్లాకు చెందినదే అయినా ఆ జిల్లా మిగతా భాగంతో దీనికి పొలిమేర కలవదు. మధ్యలో ఆంధ్రప్రదేశ్‌లోని మడకశిర ఉంది. అందుకే కంప్యూటర్‌లో తుమకూరు జిల్లాను ఒకే గీతతో చుట్టలేం. రెండు విడి ఆకారాలు గీసి, రెండూ ఒకే జిల్లా అని పట్టికలో రాయాలి. ఇలా ఆకారాన్నీ దాని వివరాలనూ ముడివేసేదే భౌగోళిక సమాచార వ్యవస్థ, వాడుకలో జీఐఎస్. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ దీనికి పునాది వేశారు. నేలను ఏ రూపంలో నమోదు చేశామన్నదాన్ని బట్టే పటంలో ఎవరు కనబడతారో, ఎవరు కనబడరో తేలుతుంది. పావగడ సౌర విద్యుత్ పార్కే ఇందుకు సాక్ష్యం.

తిరుమణి, వళ్ళూరు, రాయచెర్లు సహా ఐదు ఊళ్ల పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు వెలిసింది. భూమిని కొనలేదు, మొదట ఎకరాకు ఏటా 21,000 రూపాయల చొప్పున రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఈ నేలను రెండు పద్ధతుల్లో నమోదు చేయవచ్చు. మొదటి పద్ధతిలో సెంటినెల్-2 ఉపగ్రహం దీన్ని పది మీటర్ల గడులుగా చూస్తుంది. ఎకరాకు దాదాపు నలభై గడులు. ఒక్కో గడికి దక్కేది వెలుతురు కొలతలే కాబట్టి సౌర పలకలు ఎక్కడ ఉన్నాయో తెలుస్తుంది, నేల ఎవరిదో తెలియదు. రెండో పద్ధతిలో బోరుబావి బిందువు, బాట గీత, పొలం మూసిన ఆకారం. ఆ ఆకారానికి సర్వే నంబరు, దానికి పహణి అనే భూమి రికార్డు, పహణిలో పట్టాదారు పేరు. కర్ణాటకలో దిశాంక్ యాప్ తెరిస్తే నిలబడ్డ చోటి సర్వే నంబరు కనబడుతుంది. కౌలు డబ్బు ఈ దారినే రైతుకు చేరింది. అదే పొలంలో కలుపు తీసిన కూలీకీ, కోతలయ్యాక గొర్రెలు తోలిన కాపరికీ సర్వే నంబరు లేదు. నేలతో వాళ్ల సంబంధం నిజమే, దాన్ని రాసే గడే పట్టికలో లేదు.

ఆ తప్పు చట్టానిది, కంప్యూటర్‌ది కాదని అనవచ్చు. కొంతవరకు ఒప్పుకోవాల్సిందే. కానీ అధికారి ముందుకు వచ్చేది పటమే, అందులో లేనిది చర్చకే రాదు. మేపు హద్దులు ఏటా మారతాయి, వాటిని గీయడం ఎలా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. చెరువు హద్దూ వానను బట్టి మారేదే, అయినా గీస్తున్నాం కదా! రుతువును, ఏడాదిని పట్టికలో చేరిస్తే మారే హద్దునూ నమోదు చేయవచ్చు. క్యూజీఐఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ అందుకు చాలు. పలకలు లేచిన చోటా ఈ పనికి వేళ మించిపోలేదు. ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి భద్రంగా ఉన్నాయి. పాత బీళ్లు, చెరువులు ఎక్కడుండేవో వాటిలో వెతకవచ్చు. అక్కడ ఎవరి మందలు మేసేవో మాత్రం తిరుమణి, రాయచెర్లు పెద్దలను ఇప్పుడే అడిగి రాసుకోవాలి.