అద్దం మీది సాక్షి

1991 జనవరి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో గ్యారిసన్ అనే చిన్న ఊరి దగ్గర, అర్ధరాత్రి దాటాక, డారెల్ లన్స్‌ఫర్డ్ అనే కానిస్టేబుల్ ఒక కారును ఆపాడు. డిక్కీ సోదా చేయబోతుంటే అందులోని ముగ్గురూ మీదపడి ఆయన్ని చంపేసి పారిపోయారు. చూసిన మనిషి లేడు. అయితే ఆయన కారులో పెట్టుకున్న వీడియో కెమెరా మాత్రం నడుస్తూనే ఉంది. జరిగిందంతా టేపులోకి ఎక్కింది. ఆ టేపు ఆధారంగానే హంతకులు దొరికారు, శిక్షలు పడ్డాయి. ఈరోజు మన కార్ల అద్దాల మీద అంటించుకుంటున్న డ్యాష్‌క్యామ్ కథ ఎవరు చెప్పినా ఆయన పేరు తలచుకోవాలని నా అభిప్రాయం. బండిలో కెమెరా ఎందుకు ఉండాలో ఆ రాత్రి చెప్పినంత గట్టిగా మరే సంఘటనా చెప్పలేదు.

బండికి కెమెరా కట్టడం మాత్రం అంతకు చాలా ముందే ఉంది. 1906 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మైల్స్ సోదరులు కేబుల్ కారు ముందుభాగాన సినిమా కెమెరా బిగించి మార్కెట్ స్ట్రీట్ పొడుగునా తీశారు. గుర్రబ్బళ్లు, కొత్తగా వచ్చిన మోటారుకార్లు, పట్టాలకు అడ్డంగా పరుగెత్తే కుర్రాళ్లు, అందరూ అందులో ఉన్నారు. అదే నెల 18న భూకంపం వచ్చి, మంటలు లేచి, ఆ వీధిలో చాలా భాగం నేలమట్టమైంది. ఆ వీధి అంతకుముందు ఎలా ఉండేదో ఇప్పుడు ఆ పదమూడు నిమిషాల ఫిల్ములో చూడొచ్చు. కానీ రీలు పదమూడు నిమిషాలకు అయిపోతుంది. ప్రమాదం ఏ నిమిషంలో వస్తుందో ఎవరికి తెలుసు? రోజంతా ఆగకుండా తీసే కెమెరా కావాలి, అవసరం లేనిదాన్ని తనంతట తానే చెరిపేసుకునేది కావాలి. పోలీసులు కార్లలో టేపు రికార్డర్లు పెట్టుకున్న రోజుల్లోనూ ఆ చిక్కు తీరలేదు. టేపు మార్చడానికి ఒక మనిషి ఉండాల్సిందే.

ఆ చిక్కు తీర్చిన భాగాల్లో ఒక్కటీ డ్యాష్‌క్యామ్ కోసం పుట్టలేదు. అందుకే దీన్ని ఫలానావారు కనిపెట్టారని చెప్పలేం. వెలుగును పట్టే సీమాస్ సెన్సర్‌ను 1990ల మొదట్లో నాసా వారి జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం అంతరిక్ష నౌకల కెమెరాలను చిన్నవి చేయడానికి రూపొందించింది. వీడియోను దాచుకునే ఫ్లాష్ మెమరీ 1980లలో జపాన్‌లో, తోషిబా కంపెనీలో ఫుజియో మసువొకా చేసిన పని. 1999లో వచ్చిన ఎస్‌డీ కార్డు దాన్ని గోరంత సైజుకు తెచ్చే దారి తెరిచింది. గుద్దుకోవడాన్ని పసిగట్టే చిప్పును మొదట ఎయిర్‌బ్యాగుల కోసం తయారుచేశారు. ఇవన్నీ చౌకై ఒకే డబ్బాలో చేరాక, వీడియోను నిమిషానికో మూడు నిమిషాలకో ఒక ఫైలుగా కోసి, కార్డు నిండగానే అన్నిటికంటే పాత ఫైలును చెరిపి దాని స్థానంలో కొత్తది రాసే పద్ధతి కుదిరింది. పెద్ద కుదుపు తగిలితే ఆ ఒక్క ఫైలుకు తాళం పడుతుంది, చెరగదు. డ్యాష్‌క్యామ్‌కు ప్రాణం ఇక్కడుంది.

ఇది మామూలు మనుషుల కార్లలోకి పెద్దయెత్తున వచ్చింది రష్యాలో. కావాలని కారు ముందుకొచ్చి గుద్దించుకుని డబ్బు గుంజే ముఠాలు, లంచాల పోలీసులు, సాక్షి లేనిదే కదలని ఇన్సూరెన్స్. ఈ మూడింటి మధ్య నలిగిన జనం అద్దానికి కెమెరా అంటించుకున్నారు. ప్రపంచానికి ఆ సంగతి తెలిసింది మాత్రం ఆకాశం వల్ల. 2013 ఫిబ్రవరి 15 ఉదయం, ఉరల్ పర్వతాల దగ్గరి చెల్యాబిన్స్క్ నగరం మీదుగా దాదాపు ఇరవై మీటర్ల అంతరిక్ష శిల సెకనుకు పంతొమ్మిది కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చి, సుమారు ముప్పై కిలోమీటర్ల ఎత్తున పేలింది. అద్దాలు పగిలి వెయ్యిమందికి పైగా గాయపడ్డారు. ఆ రాయి వస్తున్నదని ఏ టెలిస్కోపూ ముందుగా చూడలేదు. కానీ ఆ సమయానికి ఆఫీసులకు వెళ్తున్న కార్ల కెమెరాలు ఊరి నలుమూలలా నడుస్తున్నాయి.

ఆ తర్వాత శాస్త్రవేత్తలు చేసిన పని నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది. వీడియోలు తీసిన చోట్లకే తిరిగి వెళ్లి, రాత్రిపూట అక్కడినుంచి నక్షత్రాలను ఫొటో తీశారు. వీడియోలోని కరెంటు స్తంభమో మేడ అంచో ఏ నక్షత్రం పక్కన ఉందో చూసి, ఆ కెమెరా ఏ కోణంలో చూసిందో లెక్కగట్టారు. అలా వేర్వేరు చోట్లనుంచి గీసిన గీతలు కలిసినచోట రాయి దారి తేలింది. కొలంబియాలో కూర్చున్న ఇద్దరు పరిశోధకులైతే నగర చౌరస్తాలో కదిలిన స్తంభాల నీడలను కొలిచి, అది సూర్యుడి చుట్టూ తిరిగిన కక్ష్యను అంచనా వేశారు. అదే ఏడాది అక్టోబరులో చెబర్కుల్ సరస్సు అడుగునుంచి అయిదు క్వింటాళ్లకు పైగా బరువున్న ముక్కను బయటికి తీశారు. ఇన్సూరెన్స్ తగాదాల కోసం కొనుక్కున్న చౌక కెమెరాలు ఖగోళ శాస్త్రానికి పనిముట్లయ్యాయి. రెండేళ్ల తర్వాత తైపీలో ట్రాన్స్‌ఏషియా విమానం ఫ్లైఓవర్‌ను ఒరుసుకుంటూ నదిలో పడిన క్షణాన్ని పట్టుకున్నదీ కారు కెమెరానే.

మన దగ్గరికొద్దాం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ప్రాణం పోని ప్రమాదాలకు రోడ్డు మీద జరిగే పంచాయితీ సంగతి కారు నడిపే ప్రతివారికీ తెలిసిందే. ఎవరి గొంతు పెద్దదైతే వారిది న్యాయం, లేకపోతే పెద్ద బండివాడిదే తప్పు. సిగ్నల్ దగ్గర ఆగిన మన కారును వెనకనుంచి గుద్దినవాడు, మనమే రివర్స్ తీశామంటాడు. ముందు కెమెరా ఒక్కటే ఉంటే దీనికి సగం జవాబే ఉంటుంది. గుద్దిన బండి ఏదో, దాని నంబరేమిటో చూపేది వెనక అద్దానికున్న కెమెరా. అందుకే ఇంటి కారుకు ముందూ వెనకా రెండు కావాల్సిందేనంటాను. లోపలివైపు చూసే మూడో కెమెరా ట్యాక్సీలకూ స్కూలు వ్యాన్లకూ అవసరం. చీకట్లో పరారుణ దీపాలతో అది మనుషుల్ని చూడగలదు. ఇంటివాళ్ల కారులో దాని అవసరం నాకు కనిపించదు. మూడు కెమెరాల మాటలో పడి, అదే డబ్బులో ముందు కెమెరా నాణ్యత తగ్గించుకోవడం నష్టం.

నాణ్యత అంటే పెట్టె మీద రాసిన 4కే అనే అక్షరాలు కాదు. నంబరు ప్లేటు చదవగలదా అన్నదే ప్రశ్న, దీన్ని కాగితం మీదే లెక్క వేసుకోవచ్చు. 4కే బొమ్మ అడ్డంగా 3840 చుక్కలు. లెన్సు 140 డిగ్రీలు చూస్తే ఒక్కో డిగ్రీకి వచ్చేవి 27 చుక్కలు. మన కార్ల ప్లేటు వెడల్పు 500 మిల్లీమీటర్లు. పది మీటర్ల దూరంలో అది మూడు డిగ్రీలకు కాస్త తక్కువ కోణంలో కనిపిస్తుంది, అంటే 78 చుక్కలు. అందులో పది అక్షరాలు, అంకెలు సర్దుకోవాలి. ఒక్కోదానికి ఏడెనిమిది చుక్కలు, కష్టం మీద చదవొచ్చు. అదే 1080 రకమైతే నాలుగు చుక్కలు, చదవలేం. కోణం 170 డిగ్రీలని గొప్పగా రాశారంటే అవే చుక్కలు మరింత పలచబడ్డాయన్నమాట. ముందు కెమెరాకు 130, 140 డిగ్రీలు చాలు.

రాత్రి ఈ లెక్క కూడా నిలవదు. వెలుగు తక్కువైనప్పుడు కెమెరా ఒక్కో ఫ్రేముకు సెకనులో ముప్పయ్యో వంతు దాకా కన్ను తెరుచుకుని ఉంటుంది. మనమూ ఎదుటి బండీ చెరో అరవై కిలోమీటర్ల వేగంతో వస్తుంటే, ఆ కాస్త సమయంలోనే మన మధ్య దూరం మీటరుకు పైగా తగ్గిపోతుంది. అక్షరాలు చెరిగిన ముగ్గులా అలుక్కుపోతాయి. పైగా కొత్త ప్లేట్లు మన హెడ్‌లైటు వెలుగును తిరిగి మన మీదికే కొడతాయి, తెల్లటి మచ్చే మిగులుతుంది. కాబట్టి తక్కువ వెలుగులో చూడగల పెద్ద సెన్సర్, చీకటినీ వెలుగునూ ఒకే ఫ్రేములో తూచుకునే హెచ్‌డీఆర్ ఉన్నవే కొనాలి. షాపువాడు చూపే పగటి వీడియో పక్కనపెట్టి, అదే మోడల్ రాత్రి తీసింది చూపించమని అడగండి.

మన వాతావరణంలో వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఎండ. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద వేడి డెబ్బై డిగ్రీలు దాటిపోగలదు. కెమెరా లోపలి లిథియం బ్యాటరీ ఆ వేడికి ఉబ్బొచ్చు, పగలొచ్చు, నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నది తీసుకోండి. అది దాచుకునే కరెంటు కొన్ని సెకన్లకే సరిపోతుంది, కానీ ప్రమాదంలో వైరు తెగినా చివరి ఫైలును సరిగ్గా మూసి దాచడానికి ఆ సెకన్లు చాలు. ఈ ఒక్క మాట పెట్టె మీద లేకపోతే ఆ కెమెరాను వదిలేయమనే చెబుతాను.

కార్డు విషయంలో చాలామంది పొదుపుకు పోతారు. మూడు కెమెరాలు కలిసి సెకనుకు 45 మెగాబిట్లు రాస్తే గంటకు ఇరవై జీబీ. 128 జీబీ కార్డు ఆరు గంటల్లో నిండి మళ్లీ మొదటికి వస్తుంది. రోజంతా తిరిగే ట్యాక్సీలో ఆ కార్డు రోజుకు దాదాపు రెండుసార్లు పూర్తిగా చెరిగి రాయబడుతుంది. ఫ్లాష్ మెమరీలో ప్రతి గదికీ ఇన్నిసార్లే రాయగలమనే హద్దు ఉంది. ఫోనులో వాడి తీసేసిన కార్డు వేస్తే కొన్నాళ్లకు అది చడీచప్పుడు లేకుండా చచ్చిపోతుంది. కెమెరా దీపం వెలుగుతూనే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్న కార్డే వేసి, నెలకోసారి కెమెరాలోనే ఫార్మాట్ చేసి, ఒక వీడియో తెరిచి చూసుకోవాలి. కుదుపు సెన్సర్‌ను తక్కువ స్థాయిలో పెట్టండి. లేదంటే మన స్పీడ్‌బ్రేకర్లకూ గుంతలకూ కూడా ఫైళ్లకు తాళాలు పడి కార్డు నిండిపోతుంది.

బిగించే చోటు లోపలి అద్దం వెనక, ఎడమవైపు. డ్రైవరు చూపుకు అడ్డం రాకూడదు, వానలో వైపర్ తుడిచే మేరలో ఉండాలి. పైనుండే నల్ల చుక్కల పట్టీ మీద అంటిస్తే జిగురు నిలవదు. డ్యాష్‌బోర్డు ప్రతిబింబం అద్దంలో పడి వీడియోను పాడుచేస్తుంటే లెన్సుకు పోలరైజింగ్ ఫిల్టర్ తగిలించుకోవచ్చు. గాజు మీద ఒక ప్రత్యేక కోణంలో పడి తిరిగొచ్చే వెలుగు ఒకే తలంలో కంపిస్తుంది. ఆ కోణాన్ని లెక్కగట్టే సూత్రాన్ని 1815లో డేవిడ్ బ్రూస్టర్ తేల్చాడు, మామూలు గాజుకు ఆ కోణం సుమారు 56 డిగ్రీలు. ఫిల్టర్‌ను కాస్త తిప్పితే ఆ వెలుగు ఆగిపోతుంది. కానీ రాత్రిపూట అది అసలు వెలుగునూ తగ్గిస్తుంది కాబట్టి రాత్రి ప్రయాణాలకు తీసేయడమే మంచిది.

వైరు లాగడంలో ప్రాణం మీదికొచ్చే చోటు ఒకటుంది. ముందు అద్దం పక్క స్తంభం కవరు మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే, దాని లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మడిచి ఉంటుంది. వైరు ఆ సంచికి ముందునుంచి పోతే అది విచ్చుకునేటప్పుడు అడ్డం పడుతుంది. సంచి వెనకనుంచే పోవాలి, లేదా తలుపు రబ్బరు బీడింగ్ లోంచి దింపాలి. మీ కళ్లముందే చేయించుకోండి. వెనక కెమెరా వైరు రూఫ్ లైనింగ్ అంచున వెళ్లి, హ్యాచ్‌బ్యాక్ అయితే డిక్కీ తలుపు దగ్గరి రబ్బరు గొట్టంలోంచే దాటాలి. బయట వేలాడితే నాలుగు నెలల్లో తెగుతుంది.

కెమెరాకు కరెంటు తెచ్చే కిట్‌లో మూడు వైర్లుంటాయి: ఫ్యూజ్ బాక్సుకు వెళ్లే రెండింటిలో తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది ఒకటి, ఎప్పుడూ ఉండేది ఒకటి; మూడోది కారు బాడీకి కలిపే ఎర్త్. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఫ్యూజుల జోలికి పోకుండా ఫ్యూజ్ ట్యాప్‌తో కలపాలి. వైరు కోసి టేపు చుట్టే పద్ధతి వద్దు. ఎప్పుడూ కరెంటు ఉంటే ఆపిన కారును కూడా కెమెరా కాపలా కాస్తుంది, కానీ దానికీ వెల ఉంది. 0.3 ఆంపియర్లు తాగే కెమెరా ఒక్క రోజులో ఏడు ఆంపియర్-గంటలు లాగేస్తుంది. చిన్నకారు బ్యాటరీ 35. పండక్కి ఊరెళ్లి మూడు రోజులకు వస్తే సెల్ఫ్ తీసుకోకపోవచ్చు. వోల్టేజీ 12.2కు దిగగానే ఆగిపోయేలా కిట్‌లో అమర్చుకోవాలి.

ఇక సాక్ష్యం. జర్మనీలో 2018లో అత్యున్నత న్యాయస్థానం, నిరంతరాయంగా రోడ్డును చిత్రించడం గోప్యతా చట్టానికి విరుద్ధమంటూనే, ఆ వీడియోను ప్రమాద కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. మన దగ్గర 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం కాపీతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఫైలుకు వేలిముద్రలాంటి హ్యాష్ విలువ రాయాలి. వీడియోలో ఒక్క బిట్టు మారినా హ్యాష్ మారిపోతుంది. అందుకని ప్రమాదం జరిగితే మనుషులను చూసుకున్నాక, కెమెరా కరెంటు తీసేసి కార్డును బయటికి తీయండి, దాని మీద మళ్లీ ఏమీ రాయకుండా దాచండి. కంప్యూటర్‌లో రెండు కాపీలు చేసుకోండి, ముక్కలు కోయొద్దు, వీడియో మీద పేర్లు రాయొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోయి వేరే ఫైలవుతుంది. ఇన్సూరెన్స్ సర్వేయరుకు పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, కార్డు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.