ఇరవై ఏళ్లు నిండితే తుక్కేనా? నేవీ టగ్గులపై అపోహలు – వాస్తవాలు

యుద్ధనౌక రేవులోకి వస్తుంటే అందరి కళ్లూ దాని ఫిరంగుల మీదే ఉంటాయి. పక్కన ఆనుకుని దాన్ని బెర్తుకు చేర్చే టగ్గును పట్టించుకునేవాళ్లు తక్కువ. దాని పని మీదా, ఆయుష్షు మీదా అపోహలు మాత్రం ఎక్కువ. 1941లో అమెరికా నౌకాదళంలో చేరిన ‘హోగా’ అనే టగ్గు చరిత్ర చూస్తే వాటిలో కొన్ని ఇట్టే తేలిపోతాయి.

అపోహ: టగ్గు పని తాడు కట్టి లాగడమే.
వాస్తవం: నెట్టడం, కదలకుండా పట్టి ఉంచడం, మంటలార్పడం కూడా దాని పనే. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడిలో దెబ్బతిన్న ‘నెవాడా’ యుద్ధనౌక, ఓడలు వెళ్లే కాలువ అంచున నేలకు తట్టుకుంది. అక్కడే మునిగితే దారి మూసుకుపోయే ప్రమాదం. నూరడుగుల హోగా మరో పడవతో కలిసి దాన్ని పడమటి గట్టుకు చేర్చి, మంటల మీద నీళ్లు చిమ్మింది. ఆ తర్వాత ‘అరిజోనా’ తదితర నౌకల దగ్గర డిసెంబర్ 10 దాకా మంటలార్పుతూనే ఉంది.

అపోహ: అంతంత ఇంజిన్లున్న నౌకకు టగ్గు ఎందుకు?
వాస్తవం: నీళ్లు ఒరుసుకుంటూ పారితేనే చుక్కాని పనిచేస్తుంది. వేగం తగ్గేకొద్దీ దానికి పట్టు తప్పుతుంది. సరిగ్గా బెర్తు దగ్గరే ఓడ వేగం తగ్గించాలి. అప్పుడు పక్కగాలి తోసినా ఆపేది టగ్గే.

అపోహ: రేవు దాటని పడవకు అరుగుదల ఏముంటుంది?
వాస్తవం: తిరిగే దూరం తక్కువే, శ్రమ మాత్రం ఎక్కువ. ఇంజిన్ కాసేపు ఊరికే తిరుగుతుంది, మరుక్షణం పూర్తి బలం చూపాలి. ఓడలకు ఆనీ ఆనీ ముందుభాగం నలుగుతుంది. పైగా ఉప్పునీరు.

అపోహ: 20 ఏళ్లు నిండితే తుక్కుకే.
వాస్తవం: విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ మన నేవీకి కట్టిన 50 టన్నుల లాగుడు బలం గల టగ్గులకు సేవాకాలం 20 ఏళ్లని నిర్ణయించారు. అది డిజైన్ లెక్కే, మందుసీసా మీది గడువు తేదీ కాదు. నీళ్లు తోడేసిన డ్రై డాక్‌లో అల్ట్రాసౌండ్ పరికరంతో ఉక్కు పలకల మందం కొలుస్తారు. పలచబడ్డ చోట కోసి కొత్త పలక అతుకుతారు. ఉక్కు బదులు తాము కరిగిపోయే జింక్ దిమ్మలను మారుస్తారు. ఇలా చూసుకుంటే ఆయుష్షు పెరుగుతుంది. హోగాను 1948లో ఓక్లాండ్ నగరానికి అప్పగిస్తే, 1994 దాకా అగ్నిమాపక పడవగా పనిచేసింది. ఇప్పుడు ఆర్కాన్సాస్‌లోని మ్యూజియంలో ఉంది.

అపోహ: టగ్గును మూలపడేసేది తుప్పే.
వాస్తవం: పలకలన్నీ బాగానే ఉన్నా పని చాలక పక్కకు తప్పుకునేవీ ఉంటాయి. నౌకలు పెరిగాయి, లాగుడు బలం అవసరమూ పెరిగింది. చుట్టూ తిరిగే ప్రొపెల్లర్లున్న కొత్త టగ్గులు ఏ దిక్కుకైనా బలం చూపుతాయి. పాత రకానికి అది చేతకాదు. కాబట్టి టగ్గు పనికొస్తుందో లేదో తేల్చాలంటే పుట్టిన ఏడాది ఒక్కటే చూస్తే చాలదు, పలకల మందం, లాగుడు బలం, రేవుకొచ్చే నౌకల సైజు కూడా చూడాలి.